పూలతో ఇచ్చే ఆ చిన్న ప్యాకెట్: ఫ్లవర్ ఫుడ్‌కి ఎన్ని మార్కులు?

బొకేకి రబ్బరు బ్యాండుతో చుట్టి ఇచ్చే ఫ్లవర్ ఫుడ్ ప్యాకెట్ చాలా ఇళ్లలో చించకుండానే చెత్తబుట్టలోకి పోతుంది. లేదంటే వాజ్‌లో ఎన్ని నీళ్లున్నాయో చూడకుండా మొత్తం కుమ్మరించేస్తారు. రెండూ దండగే. కొలత ప్రకారం వాడితే గులాబీ, కార్నేషన్ లాంటి పూలు ఉత్త నీళ్లలో కంటే ఎక్కువ రోజులు నిలబడతాయి, మొగ్గలు విచ్చుకుంటాయి, రంగు వెలవెలబోదు. కొలత తప్పితే మాత్రం ఉత్త నీళ్లే నయం. "వేశాం, ఏం లాభం లేదు" అనే ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం ప్యాకెట్‌లో ఉండదు, వాజ్ సైజులో ఉంటుంది.

ముందు ఇందులో ఏముంటుందో చూద్దాం. ఏ కంపెనీదైనా ప్రధానంగా ఉండేవి మూడే: చక్కెర, ఆమ్లం, క్రిములను అదుపులో పెట్టే మందు. అమెరికాలో 1938 నుంచి ఉన్న ఫ్లోరాలైఫ్, నెదర్లాండ్స్‌కి చెందిన క్రిసాల్ ఈ రంగంలో బాగా తెలిసిన పేర్లు. వాటి సరుకులో కూడా ఆధారం ఈ మూడే. పాళ్లు, మందు రకం, కాడ నీళ్లు తేలిగ్గా పీల్చడానికి కలిపే ఇతర పదార్థాలు మాత్రం మారుతుంటాయి.

చక్కెర ఎందుకంటే, కోసిన పువ్వుకి తిండి అందించే తల్లి మొక్క ఇక లేదు. మొగ్గ విచ్చుకోవాలంటే శక్తి కావాలి. కాడలో మిగిలిన నిల్వ చాలకపోతే మొగ్గ సగంలో ఆగిపోతుంది, ఎరుపు రంగు నీలంగా మారిపోతుంది. ఆమ్లం ఎందుకంటే, కుళాయి నీళ్ల పీహెచ్ (పులుపుని చెప్పే అంకె, తగ్గితే పులుపు పెరిగినట్టు) సాధారణంగా 7 నుంచి 8 మధ్య ఉంటుంది. దాన్ని 3.5 నుంచి 5 మధ్యకు దించితే నీళ్లు కాడలో త్వరగా పైకెక్కుతాయి, క్రిములు పెరిగే వేగం కూడా తగ్గుతుంది. ఇక మూడోది, అసలు కీలకమైనది, క్రిముల మందు. కోసిన చోటు నుంచి కాడ రసం నీళ్లలోకి ఊరుతూనే ఉంటుంది. అది తిని బాక్టీరియా పెరుగుతుంది. ఆ బాక్టీరియా, అది వదిలే జిగురు కలిసి కాడలోని సన్నని నీటి గొట్టాలకు అడ్డం పడతాయి. వాజ్ నిండా నీళ్లుంటాయి, పువ్వు మాత్రం దాహంతో వాడిపోతుంది. గులాబీ మొగ్గ విచ్చుకోకుండానే మెడ వంచేయడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. కోసినప్పుడు కాడలో చేరిన గాలి బుడగ కూడా అదే పని చేస్తుంది.

ఈ మూడూ కలిసి ఉంటేనే అర్థం. చక్కెర ఒక్కటే వేస్తే అది పువ్వు కంటే ముందు బాక్టీరియాకి విందు. అందుకే తక్కువ మోతాదు ప్రమాదం. అర లీటరుకి సరిపోయే ప్యాకెట్‌ని రెండు లీటర్ల వాజ్‌లో వేస్తే, క్రిములను ఆపేంత మందు ఉండదు గానీ వాటిని మేపేంత చక్కెర మాత్రం ఉంటుంది. రెండో రోజుకే నీళ్లు మసకబారి, కాడ చివర వేలికి జారుడుగా తగులుతుంది. ఉత్త నీళ్లలో ఆ స్థితి రావడానికి ఇంకాస్త సమయం పట్టేది.

ఎక్కువ మోతాదు వేస్తే కనిపించే లక్షణాలు వేరు. నీళ్లలో మునిగిన కాడ భాగం గోధుమరంగుకి తిరుగుతుంది, ఆకుల అంచులు మాడినట్టు అవుతాయి, కింది ఆకులు ముందే పసుపెక్కుతాయి. చామంతిలో ఇది తొందరగా బయటపడుతుంది. పువ్వు బాగానే ఉండి ఆకులు పాడైపోయిన చామంతి కట్ట కనిపిస్తే చక్కెర ఎక్కువైందేమోనని అనుమానించాలి.

కొలత సంగతి. సాధారణంగా దొరికే 10 గ్రాముల పొడి ప్యాకెట్ 1 లీటరుకి, 5 గ్రాములది అర లీటరుకి. ప్యాకెట్ మీద సన్నటి అక్షరాల్లో ఎంత నీళ్లకో రాసే ఉంటుంది, దాన్నే నమ్మాలి, ఎందుకంటే కంపెనీని బట్టి గాఢత మారుతుంది. కష్టమంతా వాజ్ దగ్గర వస్తుంది. ఒంటి గులాబీ పెట్టే సన్నని వాజ్‌లో 200 మిల్లీలీటర్లు పట్టడమే ఎక్కువ. నోరు వెడల్పుగా ఉన్న గాజు వాజ్ చూడ్డానికి పెద్దగా లేకపోయినా 3 లీటర్లు మింగేస్తుంది. కంటి అంచనా ఇక్కడ పనికిరాదు. లీటరు బాటిల్‌తో ఒకసారి వాజ్ నింపి చూసుకుని, అడుగున చిన్న స్టిక్కర్ మీద ఎన్ని మిల్లీలీటర్లో రాసి అంటించుకుంటే మళ్లీ మళ్లీ కొలిచే పని ఉండదు.

అంతకంటే తేలికైన దారి, ప్యాకెట్‌ని వాజ్‌లో అసలు చించకపోవడం. 1 లీటరు నీళ్ల సీసాలో ప్యాకెట్ మొత్తం వేసి, మూత బిగించి, అడుగున పొడి కనబడనంత వరకూ ఊపాలి. చిన్న వాజ్‌కి కావలసినంత అందులోంచి పోసి, మిగిలింది మూతపెట్టి చల్లని చోట ఉంచుకోవాలి. వాజ్‌లో నీళ్లు తగ్గినప్పుడు అదే ద్రావణంతో నింపాలి. పొడిని నేరుగా వాజ్‌లో వేసి కలపకపోతే అడుగున పేరుకుంటుంది, సరిగ్గా కాడలు కోసిన చోటే గాఢమైన తీపి, పులుపు తగులుతాయి. పైన నీళ్లు పలచనగా, కింద మోతాదు మించి. చాలామంది చేసేది ఇదే. సీసా మీద ఏముందో రాసి పెట్టడం మరవొద్దు, ఇది చూడ్డానికి మంచినీళ్లలాగే ఉంటుంది.

ఏ రూపంలో కొనాలి? పొడి ప్యాకెట్ తేలిక, ఎక్కువ కాలం నిల్వ ఉంటుంది, కానీ తేమ తగిలితే గడ్డ కడుతుంది. గడ్డకట్టిన ప్యాకెట్ పాడైపోయినట్టు కాదు, గోరువెచ్చని నీళ్లలో కరిగితే వాడొచ్చు. ద్రవ రూపంలో వచ్చే ప్యాకెట్ వెంటనే కలిసిపోతుంది, అడుగున పేరుకునే బాధ లేదు. మార్కులు వేయమంటే పొడికి 5కి మూడున్నర, ద్రవానికి నాలుగున్నర. రోజూ పూలు పెట్టే హోటళ్లు, ఆఫీసులు, దుకాణాలు పెద్ద డబ్బా, దాంతో వచ్చే కొలత చెంచా వాడతాయి. అక్కడ జరిగే పొరపాటు కూడా చెంచాతోనే: ఒకరు తలకొట్టి కొలుస్తారు, ఇంకొకరు గుట్టగా తీస్తారు. ఎలా కొలవాలో ఒకటే పద్ధతి పెట్టుకుని బకెట్ మీద లీటర్ల గీత గీసుకుంటే ఆ తేడా పోతుంది.

ఇవి కాక దుకాణాల్లో వాడే మందులు వేరే ఉంటాయి, వాటిని ఇంటి ఫ్లవర్ ఫుడ్‌తో కలగాపులగం చేయకూడదు. తోట నుంచి వచ్చిన పూలకి ముందు దాహం తీర్చేది ఒకటి, అందులో చక్కెర ఉండదు, ఆమ్లం మాత్రం గట్టిగా ఉంటుంది. అమ్మేదాకా బకెట్లో నిలిపి ఉంచేది ఇంకొకటి, అందులో చక్కెర తక్కువ. ఎందుకంటే దుకాణంలో మొగ్గ తొందరగా విచ్చుకోకూడదు, ఇంటికి వచ్చాక విచ్చుకోవాలి. పూర్తి చక్కెర ఉన్నది ఇంటి వాజ్‌కే. దుకాణం వాళ్లు బకెట్లలో ఇంటి ఫుడ్ వాడితే పూలు అమ్మకానికి ముందే పూర్తిగా విచ్చుకుని కూర్చుంటాయి. క్లోరిన్ మాత్రలు మూడో రకం, తిండి లేకుండా క్రిముల పని మాత్రమే పడతాయి.

ఇక పువ్వును బట్టి తీర్పు మారిపోతుంది. అన్నిటికీ ఒకే మాట చెప్పేవాళ్లని నమ్మనక్కరలేదు.

గులాబీకి ఇది తప్పనిసరి. తేడా మూడో రోజు నుంచి తెలుస్తుంది: ఉత్త నీళ్లలోది మొగ్గలా ఉండగానే మెడ వంచితే, ఫుడ్‌లోది రేకు రేకుగా విచ్చుకుంటూ పోతుంది. కార్నేషన్‌కి కూడా మంచి లాభం ఉంది, అయితే దాని సంగతిలో ఇంకో మెలిక ఉంది, కాసేపట్లో చెబుతాం. గ్లాడియోలస్, స్నాప్‌డ్రాగన్ లాంటి గెల పూలలో పై మొగ్గలు విచ్చుకోవడం చక్కెర మీదే ఆధారపడుతుంది. ఫుడ్ లేకపోతే కింద నాలుగు పూలు పూసి, పై సగం మొగ్గగానే ఎండిపోతుంది. గ్లాడియోలస్‌కి ఫ్లోరైడ్ పడదు. నీళ్లలో పది లక్షల భాగాలకు ఒక భాగం ఉన్నా రేకుల అంచులు మాడే అవకాశం ఉంది, జెర్బెరా, ఫ్రీసియా కూడా అంతే. ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు వచ్చే చోట ఈ మూడింటికి వాన నీళ్లో, శుద్ధి చేసిన నీళ్లో వాడటం మేలు. గ్లాడియోలస్, స్నాప్‌డ్రాగన్ కాడల్ని అడ్డంగా పడుకోబెట్టి ఉంచితే కొస పైకి వంగిపోతుంది, ఆ వంపు మళ్లీ పూర్తిగా పోదు. ఏ ఫుడ్డూ దాన్ని సరిచేయదు.

జెర్బెరా దగ్గర మాత్రం ప్యాకెట్‌కి మార్కులు తగ్గుతాయి. దాని కాడ బోలుగా, నూగుతో ఉంటుంది, నీళ్లలో ఎంత మునిగితే అంత కుళ్లుతుంది. 5 నుంచి 8 సెంటీమీటర్ల లోతు నీళ్లు చాలు, అందులో క్లోరిన్ మాత్ర వేస్తే చక్కెర ఉన్న ఫుడ్ కంటే నమ్మకంగా పనిచేస్తుంది. లోతు తక్కువ కాబట్టి నీళ్లు అయిపోకుండా రోజూ చూడాలి.

దుంప జాతి పూలకి, అంటే ట్యులిప్, డాఫోడిల్, లిల్లీ వంటి వాటికి, మామూలు ప్యాకెట్ సరిపోదు. ట్యులిప్‌కి చక్కెర అక్కరలేదు, పైగా కోసిన తర్వాత కూడా దాని కాడ పెరుగుతూనే ఉంటుంది, వెలుతురు వైపు వంగుతుంది. లిల్లీ, ఆల్‌స్ట్రోమేరియాల్లో పువ్వు కంటే ముందు ఆకు పసుపెక్కుతుంది. దుంప పూల కోసం ప్రత్యేకంగా అమ్మే ఫుడ్‌లో చక్కెర తగ్గించి, ఆకుని పచ్చగా నిలిపే హార్మోన్లు కలుపుతారు. లిల్లీ ఎక్కువగా కొనేవాళ్లకి అది కొనడం దండగ కాదు. డాఫోడిల్‌ని కోస్తే కాడ నుంచి జిగురు కారుతుంది, అది గులాబీకీ, ట్యులిప్‌కీ విషం. విడిగా నీళ్లలో 12 నుంచి 24 గంటలు ఉంచి, ఆ తర్వాత మళ్లీ కాడ కోయకుండా మిగతా పూలతో కలపాలి. మళ్లీ కోస్తే జిగురు మళ్లీ మొదలు.

లిల్లీ గురించి ఒక మాట మధ్యలో: ఇంట్లో పిల్లి ఉంటే లిల్లీ తేవద్దు. ఆకు, రేకు, పుప్పొడి, చివరికి వాజ్ నీళ్లు కూడా పిల్లి మూత్రపిండాలకు ప్రాణాంతకం. పిల్లి లేని ఇంట్లో అయినా, పువ్వు విచ్చుకున్న వెంటనే, పొడి రాలక ముందే కేసరాల కొసల్ని గిల్లేయాలి, లేకపోతే ఆ నారింజ మరక బట్టకి పట్టుకుంటుంది. మరక పడితే తడిపి రుద్దకూడదు, సెల్లోటేప్‌తో అద్ది తీయాలి.

హైడ్రాంజియాకి ఫుడ్ కంటే నీళ్లే ముఖ్యం. పువ్వు తల పెద్దది, కాడ ఇచ్చే దానికంటే ఎక్కువ నీళ్లు ఆవిరి చేస్తుంది. వాడితే తలని మొత్తం చల్లని నీళ్లలో 20 నుంచి 30 నిమిషాలు ముంచి, కాడని కొత్తగా కోసి పెడితే చాలాసార్లు తిరిగి లేస్తుంది. ఆంథూరియం, ఆర్కిడ్, హెలికోనియా వంటి ఉష్ణమండల పూలకి ప్యాకెట్ పెద్దగా ఉపయోగపడదు, వాటి శత్రువు చలి. 12 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లని చోట, ముఖ్యంగా ఫ్రిజ్‌లో పెడితే రేకులు నల్లబడతాయి. గులాబీ, కార్నేషన్, చామంతి మాత్రం 0 నుంచి 2 డిగ్రీల దగ్గర హాయిగా ఉంటాయి. అందుకే రెండు రకాల్నీ ఒకే కూలర్‌లో పెట్టే దుకాణం దగ్గర ఆర్కిడ్ కొనేముందు రేకు వెనక వైపు తిప్పి చూడాలి.

డాలియా కోసిన తర్వాత విచ్చుకోదు, కోసినప్పుడు ఎంత విచ్చుకుని ఉంటే అంతే. ఫుడ్ వేసినా నాలుగైదు రోజులు దాటడం అరుదు. బంతి కాడలు, స్టాక్ అనే పువ్వు కాడలు నీళ్లని ఇట్టే కంపు చేస్తాయి కాబట్టి వాటికి క్రిముల మందు ఉన్న ఫుడ్ అవసరం ఎక్కువే.

ఇప్పుడు కార్నేషన్ మెలిక. పువ్వు ముసలిదయ్యే కొద్దీ ఎథిలీన్ అనే వాయువు విడుదల చేస్తుంది. పండ్లు, సిగరెట్ పొగ, వాహనాల పొగ కూడా ఇస్తాయి. కార్నేషన్, డెల్ఫీనియం, స్వీట్‌పీ లాంటివి దానికి మహా సున్నితం. గాలిలో పది లక్షల భాగాలకు ఒక భాగం కంటే తక్కువ ఉన్నా కార్నేషన్ రేకులు లోపలికి ముడుచుకుని నిద్రపోయినట్టు అయిపోతుంది, డెల్ఫీనియం రేకులు జలజలా రాలిపోతాయి. వాజ్‌లో వేసే ప్యాకెట్ దీన్ని ఆపలేదు. ఆపే పని తోటలోనో, టోకు వ్యాపారి దగ్గరో జరగాలి: సిల్వర్ థయోసల్ఫేట్ ద్రావణంలో కాడల్ని కొన్ని గంటలు నిలబెట్టడం, లేదా 1-ఎంసీపీ (1-మిథైల్‌సైక్లోప్రొపీన్) అనే వాయువు పట్టించడం. 1-ఎంసీపీని కనిపెట్టింది నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీకి చెందిన ఎడ్వర్డ్ సిస్లర్, సిల్వియా బ్లాంకెన్‌షిప్, దాని పేటెంట్ 1996లో వచ్చింది. సిల్వర్ పట్టించిన కార్నేషన్ పట్టించని దానికి దాదాపు రెట్టింపు రోజులు ఉంటుంది. కాబట్టి కార్నేషన్ త్వరగా ముడుచుకుపోతే ప్యాకెట్‌ని తిట్టేముందు, వాజ్ పక్కన పండ్ల బుట్ట ఉందేమో చూడండి. పూలకి ఆ మందు పట్టించారా అని అమ్మేవాళ్లని అడగండి. అడగ్గానే జవాబు చెప్పగలిగే దుకాణం మంచి దుకాణం.

ముసలి పువ్వుని కూడా ఏ ఫుడ్డూ కుర్రదాన్ని చేయలేదు. కొనేటప్పుడే సగం ఆట అయిపోతుంది. గులాబీని తల కింద, రేకులు కాడని కలిసే చోట రెండు వేళ్లతో మెత్తగా నొక్కండి. గట్టిగా తగిలితే తాజా, స్పాంజిలా కుంగితే పాతది. బయటి రేకు ఒకటో రెండో విడివడటం మొదలై ఉండాలి. మరీ బిగుసుకున్న మొగ్గ చౌక కాదు, అది విచ్చుకోకుండానే వాలిపోవచ్చు. గులాబీ బయటి రేకులు కాస్త పచ్చగా, గరుకుగా ఉంటే భయపడక్కరలేదు, అవి కాపలా రేకులు, గిల్లేయవచ్చు. రేకుల మీద చిన్న గోధుమరంగు చుక్కలో, బూడిదరంగు బూజో కనిపిస్తే మాత్రం అది బూజు తెగులు, ఇంటికి చేరేలోపే పాకుతుంది.

గ్లాడియోలస్‌లో కింది మొగ్గలు ఒకటి రెండింట్లో రంగు కనిపిస్తే చాలు. లిల్లీలో ఒక మొగ్గ రంగు తిరిగి ఉబ్బి ఉండాలి. పియోనీ మొగ్గని నొక్కితే మెత్తగా, స్పాంజి మిఠాయిలా కుంగాలి, గోలీలా గట్టిగా ఉంటే విచ్చుకోదు. చామంతి, పొద్దుతిరుగుడు మాత్రం పూర్తిగా విచ్చుకున్నవే కొనాలి, అయితే చామంతి నడిమి భాగం ఇంకా పచ్చగా ఉండాలి. జెర్బెరాలో నడుమ ఉండే చిన్న పూల బయటి రెండు వరసల్లో పుప్పొడి కనిపించడం సరైన దశ. అంతకుముందే కోస్తే మెడ వాలుతుంది. ఇవన్నీ తెలియకపోయినా బకెట్ చూడండి. నీళ్లు మసకగా ఉండి, కాడల కింది భాగం జారుతుంటే ఆ దుకాణం ప్యాకెట్ ఊరికే ఇచ్చినా వద్దు. ఏ కాలంలో పూసే పువ్వుని ఆ కాలంలో కొనమనడం కూడా ఇందుకే. దూరం నుంచి రాదు, కోల్డ్ స్టోరేజీలో రోజుల తరబడి పడుకోదు.

ఇంటికి తెచ్చాక ఫుడ్ పనిచేయాలంటే చేయవలసిన తతంగం పెద్దదేం కాదు. వాజ్‌ని సబ్బుతో బ్రష్ పెట్టి కడగాలి, పాత జిగురు గాజు లోపల అంటుకుని ఉంటే కొత్త ఫుడ్ మొదటి రోజే దాంతో కుస్తీ పడుతుంది. ఇత్తడి, రాగి, జింకు పూత ఉన్న పాత్రలు వద్దు. ఫుడ్‌లోని ఆమ్లం లోహాన్ని తింటుంది, లోహం ఆమ్లాన్ని నిర్వీర్యం చేస్తుంది. అలాంటి పాత్ర అందంగా ఉందనుకుంటే లోపల ప్లాస్టిక్ డబ్బా పెట్టి వాడుకోవచ్చు. నీళ్లలో మునిగే ఆకులన్నీ తీసేయాలి, ఒక్క ఆకు మునిగినా అది కుళ్లుతూ బాక్టీరియాకి తిండి పెడుతుంది. పైన ఉండే ఆకులు అన్నీ పీకేయనక్కరలేదు, నీళ్లు పైకి లాగేవి అవే.

కాడని కొస నుంచి 2 నుంచి 3 సెంటీమీటర్లు కోయాలి. పదునైన కత్తో, కట్టరో కావాలి, మొద్దుబారిన కత్తెర గొట్టాల్ని నలిపేస్తుంది. కర్రలాంటి కాడల్ని సుత్తితో చితక్కొట్టమని చెప్పే చిట్కా వదిలేయండి, అది బాక్టీరియాకి ద్వారాలు తెరవడమే. ఏటవాలుగా కోయడం వల్ల పెద్ద లాభమేం లేదు, కాడ వాజ్ అడుగుకి అతుక్కోకుండా ఉంటుంది, అంతే. కోసిన వెంటనే నీళ్లలో పెట్టడం మాత్రం ముఖ్యం. ఆలస్యమైతే గాలి లోపలికి పోతుంది. నీళ్లు చెయ్యి పెట్టగలిగేంత వెచ్చగా, 38 నుంచి 40 డిగ్రీల వరకూ ఉంటే వాడిన గులాబీ త్వరగా లేస్తుంది. దుంప పూలకి చల్లని నీళ్లే మంచివి.

తర్వాత వాజ్‌ని చల్లని చోట పెట్టాలి. 30 డిగ్రీల దగ్గర పువ్వు ఊపిరి తీసే వేగం 2 డిగ్రీల దగ్గర కంటే పదుల రెట్లు ఎక్కువ. ఎండ పడే కిటికీ, టీవీ పైభాగం, ఫ్యాన్ గాలి, ఏసీ గాలి నేరుగా తగిలే చోటు, ఇవేవీ వద్దు. రాత్రిళ్లు ఇంకా చల్లని గదిలోకి మారిస్తే ఇంకా మంచిది.

ఫుడ్ ఉన్న నీళ్లని రోజూ మార్చక్కరలేదు. ఉత్త నీళ్లయితే రోజూనో, రోజు విడిచి రోజో మార్చాలి. మొదటి 24 గంటల్లో పూలు బాగా తాగుతాయి కాబట్టి నీళ్ల మట్టం చూసి, అదే ద్రావణంతో నింపాలి. ఉత్త నీళ్లు పోసి నింపితే మోతాదు పలచబడి పైన చెప్పిన తక్కువ మోతాదు కథే మళ్లీ మొదలవుతుంది. నీళ్లు మసకబారాయంటే ఇక నింపడం కాదు, మొత్తం పారబోసి, వాజ్ కడిగి, కాడలు కొత్తగా కోసి, కొత్త ద్రావణం పోయాలి. పారబోసే నీళ్లు కుండీ మొక్కలకి పోయొద్దు. చక్కెర తడి మట్టిలో బూజుని, చిన్న ఈగల్ని తెస్తుంది. కుండీ మొక్కల ఎరువుని వాజ్‌లో వేయడమూ అంతే తప్పు. అందులో చక్కెర లేదు, క్రిముల్ని ఆపేది లేదు, ఉన్న నత్రజని వేళ్లు లేని కాడకి అక్కరలేదు.

నీళ్ల రకం గురించి కూడా కొంచెం. బాగా కఠినమైన నీళ్లు, అంటే బకెట్ మీద తెల్లటి పొర కట్టే నీళ్లు ఉన్నచోట, వాటిలోని బైకార్బొనేట్ ఫుడ్‌లోని ఆమ్లాన్ని మింగేస్తుంది. ప్యాకెట్ సరైన కొలతలో వేసినా పీహెచ్ 6 దాటి ఆగిపోవచ్చు. పీహెచ్ పట్టీ ఒకటి ముంచి చూస్తే తెలిసిపోతుంది. నీళ్ల కాఠిన్యం తగ్గించే సాఫ్ట్‌నర్ యంత్రం నుంచి వచ్చే నీళ్లు పరిష్కారం అనుకోవద్దు, అందులో కాల్షియం బదులు సోడియం చేరుతుంది, అది గులాబీ, కార్నేషన్‌లకి హాని. ఆర్‌ఓ నీళ్లు, వాన నీళ్లు నిక్షేపం.

పూల ఫోమ్‌లో అమర్చేవాళ్లకి ఒక లెక్క. వెర్నన్ స్మిథర్స్ 1954లో తెచ్చిన ఆ పచ్చ ఫోమ్ మామూలు దిమ్మ దాదాపు 2 లీటర్ల నీళ్లు పీల్చుకుంటుంది. ఫుడ్ కలిపిన నీళ్లలో దాన్ని వదిలేసి తనంతట తాను మునిగే వరకూ ఆగాలి. చేత్తో నొక్కితే లోపల పొడి గాలి పాకెట్లు మిగిలిపోయి, అక్కడ గుచ్చిన పువ్వు మొదటి సాయంత్రమే వాడుతుంది. ఒకసారి గుచ్చిన కాడని వెనక్కి లాగకూడదు, కింద ఖాళీ ఏర్పడుతుంది. ఈ ఫోమ్ ప్లాస్టిక్, మట్టిలో కలవదు. దాని బదులు వాజ్‌లో వల, లేదా కాడలు గుచ్చి నిలబెట్టే ముళ్ల పీట వాడి ఫుడ్ నీళ్లు నేరుగా పోసుకుంటే పూలకీ మంచిదే.

ప్యాకెట్ దొరకనప్పుడు ఇంటి చిట్కాలు? ఆస్పిరిన్‌లో చక్కెర లేదు, క్రిముల మందూ లేదు. రాగి నాణెం నీళ్లలో ఏమీ చేయనంత తక్కువ కరుగుతుంది. వెనిగర్ ఒక్కటే పోస్తే పులుపు తప్ప ఇంకేం రాదు. ప్యాకెట్‌కి దగ్గరగా వచ్చేది ఒక్కటే: 1 లీటరు నీళ్లలో పెద్ద చెంచాడు పంచదార, రెండు పెద్ద చెంచాల నిమ్మరసం, పావు టీ చెంచా సువాసన లేని మామూలు బ్లీచ్. బ్లీచ్‌ని చివర్లో, నీళ్లు నిండుగా ఉన్నప్పుడే కలపాలి. నీళ్లు లేకుండా నిమ్మరసం, బ్లీచ్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, ఆ పొరపాటు ఊపిరితిత్తులకి ప్రమాదం. ఈ మిశ్రమంలో బ్లీచ్ బలం మూడు నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది కాబట్టి అప్పటికి కొత్తగా కలుపుకోవాలి. నిమ్మ రుచి సోడా ఒక వంతుకి మూడు వంతుల నీళ్లు కలిపి, లీటరుకి పావు టీ చెంచా బ్లీచ్ వేసే పద్ధతి కూడా పనిచేస్తుంది, కానీ అందులో చక్కెర ప్యాకెట్ కంటే ఎక్కువ. గులాబీకి సరే, చామంతి ఆకులకి కాదు. డైట్ సోడాలో చక్కెరే ఉండదు, అది పోయడం వృథా.

ఎవరు కొనాలి అంటే, గులాబీ, కార్నేషన్, గ్లాడియోలస్ తరచూ తెచ్చుకునేవాళ్లు ద్రవ ప్యాకెట్ల కట్ట ఒకటి ఉంచుకోవడం దండగ కాదు. లిల్లీ, ట్యులిప్ ఎక్కువగా తెచ్చేవాళ్లు దుంప పూల ఫుడ్ విడిగా అడగాలి. జెర్బెరా మాత్రమే పెట్టేవాళ్లకి క్లోరిన్ మాత్రలు చాలు, ఆంథూరియం, ఆర్కిడ్ వాళ్లకి శుభ్రమైన నీళ్లు, వారానికి రెండుసార్లు కాడ కోత చాలు. చించి సగం వాడిన పొడి ప్యాకెట్‌ని గాలి చొరని డబ్బాలో వేసి, పిల్లలకి అందని చోట, వంటింటి చక్కెరకి దూరంగా పెట్టండి.